అయిదేళ్ళ పనుల లిస్టు: చిన్న ఊళ్ళో ఏ పని ముందు, ఏ పని వెనక

మొన్న ఆదివారం శ్రీకాకుళం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసేడు, వాడు అక్కడ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ, అంటే వార్డులో నీళ్ళు, కాలువలు, రోడ్ల పని చూసేవాడు, "మావయ్యా, మా వార్డులో వచ్చే అయిదేళ్ళకి ఏటేటి పనులు కావాలో లిస్టు రాసి శుక్రవారం లోపల ఇమ్మన్నారు, ఏటి రాయాలి" అని. నాకు నవ్వొచ్చింది. నేను మున్సిపాలిటీలో ఏఈగా, అంటే అసిస్టెంటు ఇంజనీరుగా చేరిన కొత్తలో నాకూ ఇలాగే శుక్రవారం లోపల అన్నారు, కుర్రతనం కదా, ఒక్క రాత్రి కూర్చుని అరవై రోడ్లు రాసీసేను, పేరు తెలిసిన వీధల్లా ఎక్కించీసేను, అందులో నేను నడిచి చూసినవి పదో పన్నెండో. వాటిలో కొన్ని శాంక్షన్ అయిపోయేయి కూడా, అదీ అసలు బాధ. మిగతావి ఎందుకు ఆగేయో ఏ ఫైల్లోనూ లేదు, మూడేళ్ళ తర్వాత ఒకాయన వచ్చి మా వీధి ఎందుకు తీసీసేరు అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

అందుకని వాడికి ఫోన్లో ఒకటే చెప్పేను, లిస్టులో ఎన్ని పనులున్నాయి అన్నది ఎవడూ చూడడు గానీ ప్రతి పని పక్కనా ఒక్క వాక్యం ఉండాలి, ఇది ఇప్పుడే ఎందుకు, లేకపోతే ఇప్పుడు ఎందుకు కాదు అని. ఆ వాక్యం రాయలేకపోతే ఆ పని గురించి నీకు తెలీదనే లెక్క. ఆ వాక్యం ఎలా వస్తుందో ఇక్కడ రాస్తున్నాను, విజయనగరంలో రిటైరై కూర్చున్నాను కాబట్టి టైముంది. కొత్తగా వచ్చిన ఏఈలకి, వార్డు సెక్రటరీలకి, కార్పొరేటర్లకి, కాలనీ సంఘం వాళ్ళకి ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఒక గీత గీసుకోండి. ఏటేటా చెయ్యాల్సిన పని వేరు, ఒక్కసారి పెట్టి పాతికేళ్ళు వాడుకునే పని వేరు. కాలువలో పూడిక తియ్యడం, గొయ్యి పూడ్చడం, బల్బు మార్చడం ఇవన్నీ నిర్వహణ, అయిదేళ్ళ లిస్టులోకి రాకూడదు. కొత్త పైపులైను, ట్యాంకు, కాలువ, కల్వర్టు, రోడ్డు మొత్తం తిరిగి వెయ్యడం, చెత్త బండి కొనడం, ఇవి లిస్టులోకి వస్తాయి. రెండూ కలిపీస్తే ఏమవుతుందంటే పూడిక తియ్యడం వాయిదా పడిపోయి కొత్త కాలువ శాంక్షన్ అవుతుంది. పాత కాలువకి జేసీబీ ఒక్క పూట పెడితే సరిపోయేది, దానికి నలభై లక్షల ఎస్టిమేటు తయారవుతుంది.

తర్వాతది ఊళ్ళో ఏముందో రాసుకోవడం. ఇది చాలా పెద్ద పని, అందరూ తప్పించుకునేదీ ఇదే. శ్రీకాకుళం మున్సిపాలిటీ 1856 నాటిది, విజయనగరం 1888 నాటిది, రెండూ ఇప్పుడు కార్పొరేషన్లే, అంటే నూట ముప్పై ఏళ్ళు దాటి మట్టి కింద ఎవరెవరో ఏవేవో పాతిపెట్టిన ఊళ్ళు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గరో గంటస్తంభం దగ్గరో ఒక గజం తవ్వితే ఏ పైపు బయటపడుతుందో కాయితం మీద దొరకదు. మరి ఎవరికి తెలుసంటే ఆ ఏరియా ఫిట్టరుకి తెలుసు, రోజూ పొద్దున్నే వాల్వు తిప్పేవాడికి. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిరుగుతుంది, ఏది తుప్పు పట్టి బిగిసిపోయింది, ఏ లైనుకి ఏడాదికి ఎన్ని లీకులు అన్నీ అతని నోటి మీదుంటాయి. అతను రిటైరయ్యే లోపల రెండు రోజులు వెంట తిరిగి మ్యాపు మీద పెన్సిల్‌తో గీసుకోండి, టీ నీళ్ళ ఖర్చు తప్ప ఇంకేమీ అవదు. కన్సల్టెంటు సర్వే తర్వాత ఎలాగూ వస్తుంది, వచ్చినప్పుడు మీ పెన్సిల్ గీతతో పోల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్రతి వస్తువుకీ నాలుగు సంగతులు చాలు, ఎక్కడుంది, ఏ ఏడాది పెట్టేరు, ఎంత సైజు, ఇప్పుడెలా ఉంది. ఎలా ఉందన్న దానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కు వెయ్యండి, ఒకటి అంటే ఇవాళో రేపో పోతుంది, అయిదు అంటే కొత్తది. వయసుకి ఒక కొలమానం కావాలంటే కేంద్రం వారి 1999 నాటి నీటి సరఫరా మాన్యువల్లో మోటార్లకి 15 ఏళ్ళు, పైపులకి 30 ఏళ్ళు అని డిజైన్ కాలం ఉంది. 15 దాటగానే మోటారు ఆగిపోతుందని కాదు లెండి, నేను ఇరవై రెండేళ్ళు నడిచినవీ చూసేను, కానీ దాటినప్పటి నుంచీ ప్రతి వేసవికీ గుండె గుప్పెట్లో పెట్టుకోవాలి.

కాలువలు మాత్రం ఎండలో చూడొద్దు. గట్టి వాన కురుస్తున్నప్పుడు గొడుగేసుకుని వెళ్ళండి, అదీ కింద నుంచి పైకి, అంటే కాలువ ఏ గెడ్డలోనో (వాగులోనో) ఏ చెరువులోనో కలిసే చోట మొదలుపెట్టి ఊళ్ళోకి నడవండి. ఎక్కడ నీరు ఆగిందో అక్కడ ఫోటో. సగం చోట్ల కాలువ చిన్నదవడం వల్ల ఆగదు, మధ్యలో ఎవరో మెట్లు కట్టుకున్నారు, లేకపోతే కల్వర్టు తూము సగం పూడిపోయింది, లేకపోతే కరెంటు స్తంభం కాలువలోనే ఉంది. ఇది ఆఫీసులో కూర్చుంటే తెలీదు.

ఇక జనం అడిగే పనులు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, మున్సిపాలిటీ అంతకన్నా ఘోరం. రిటైరైన ఉద్యోగులున్న కాలనీ నుంచి వారానికో అర్జీ వస్తుంది, టైపు చేసి, ఫోటోలు అంటించి, పేపరు కటింగు కూడా జతచేసి. పైపులైను చివరన ఉన్న పేటలోంచి అర్జీ రాదు, వాళ్ళు పొద్దున్నే పనికి పోతారు, నీళ్ళు రాకపోతే ఆడవాళ్ళు బోరింగు దగ్గరకి పోతారు, అంతే. అర్జీలు లెక్కపెట్టి లిస్టు రాస్తే ఆ పేట ఎన్నేళ్ళైనా రాదు. అందుకే అర్జీలు ఒక పక్కన పెట్టుకుని మీరే వెళ్ళి కొలవాలి. కొలవడానికి పెద్ద మీటర్లేమీ అక్కర్లేదు, 20 లీటర్ల బకెట్టు ఒకటి, సెల్‌ఫోన్లో టైము. లైను చివర కుళాయి కింద బకెట్టు నాలుగు నిమిషాల్లో నిండిందనుకోండి, నిమిషానికి 5 లీటర్లు, గంట సేపు వదిలితే 300 లీటర్లు, ఇంట్లో అయిదుగురుంటే మనిషికి 60. భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్ళకి ఆ 1999 మాన్యువల్ చెప్పింది మనిషికి రోజుకి 70, డ్రైనేజీ ఉన్న ఊళ్ళకి 135. ఇప్పుడు మీ దగ్గర ఒక అంకె ఉంది. "నీళ్ళు సరిగా రావు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, "చివరి ఇంటికి మనిషికి 60 లీటర్లు, అదే లైను మొదటి ఇంటికి 140" అని రాస్తే కమిషనరు గారు కూడా కాసేపు ఆగి చదువుతారు.

ఇప్పుడు వరస. దీని గురించి నేను కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి, ఎందుకంటే నేను చూసిన వృథా అంతా ఇక్కడే జరిగింది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో, పేరు వద్దు, పండగ ముందు ఒక పెద్ద వీధికి బ్రహ్మాండంగా సీసీ రోడ్డు వేసేరు, వేసింది నేనే, ఎం బుక్కు (పని కొలతల పుస్తకం) రాసిందీ నేనే. ఏడు నెలలు తిరక్కుండా నీళ్ళ పథకం కింద కొత్త పైపు శాంక్షనై వచ్చింది, అదే వీధిలోంచి పోవాలి. రోడ్డు మధ్యలో కట్టరు పెట్టి కోసీసేరు. పూడ్చిన చోట వానకి కుంగిపోయింది, ఆ కుంగిన గీత పొడుగునా సైకిళ్ళు పడడం. ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని నన్ను పిలిచి "తవ్వడానికేటి బాబూ ఏసేరు" అంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ ఆడిటరూ నన్ను అంత సూటిగా అడగలేదు.

అంచేత ఏ వీధికైనా ముందు కింద పని, తర్వాత పక్క పని, ఆఖర్న పైన పని. కింద అంటే నీళ్ళ పైపు, డ్రైనేజీ, కేబుళ్ళు. పక్క అంటే కాలువ. పైన అంటే రోడ్డు. పైపు పెట్టి పూడ్చిన తర్వాత ఒక్క వానాకాలం దాటనిచ్చి, కుంగాల్సిందంతా కుంగేక అప్పుడు రోడ్డు వెయ్యండి. పైపు వయసు పాతికేళ్ళు దాటిన వీధికి సీసీ రోడ్డు లిస్టులో రాసేరంటే పక్కనే పైపు మార్చడం కూడా రాయాలి, లేకపోతే రెండూ రాయొద్దు. కరెంటు వాళ్ళకీ, ఫోను ఇంటర్నెట్టు వాళ్ళకీ కూడా ఈ వీధి ఫలానా నెల్లో వేస్తున్నాం, మీ తవ్వకాలుంటే ముందే చేసుకోండి అని ఒక ఉత్తరం పడెయ్యండి. వాళ్ళు వింటారా అంటే సగం వినరు, కానీ తర్వాత తవ్వడానికి పర్మిషన్ అడిగినప్పుడు ఆ ఉత్తరం కాపీ మీ చేతిలో ఉంటుంది.

కాలువలకి ఇంకో వరస ఉంది, ఎప్పుడూ కింద నుంచి పైకి కట్టాలి. పై వీధి వాళ్ళు గట్టిగా అడిగేరని అక్కడ ముందు కట్టేస్తే నీరు జోరుగా దిగి కింది వీధి ఇళ్ళల్లోకి పోతుంది, అప్పుడు కింది వీధి వాళ్ళు వచ్చి ఆఫీసు ముందు కూర్చుంటారు, అదీ న్యాయమే. శ్రీకాకుళంలో అయితే ఇంకో మెలిక, నాగావళి నిండుగా ఉన్న రోజు ఊళ్ళో కాలువ నీరు నదిలోకి దిగదు, వెనక్కి తంతుంది, కాబట్టి కాలువ కలిసే చోట నది ఎంత ఎత్తుకి వస్తుందో తెలుసుకోకుండా పైన ఎన్ని కోట్లు పెట్టినా పల్లపు వీధులు మునుగుతూనే ఉంటాయి. విజయనగరంలో నీరు చేరేది గెడ్డల్లోకి, చెరువుల్లోకి, ఆ దారిలో ఎక్కడ కబ్జా అయిందో చూడకుండా కాలువ డిజైన్ చెయ్యడం అంటే గుడ్డిగా గీత గియ్యడమే.

డబ్బు సంగతి. బడ్జెట్టు పుస్తకంలో పెద్ద అంకె కనపడగానే మురిసిపోకండి, ముందు తీసివేతలు చెయ్యాలి. జీతాలు, కరెంటు బిల్లు, పోయినేటి పనులకి ఇవ్వాల్సిన బిల్లులు, నడుస్తున్న పనులకి ఇంకా కావలసింది, ఎస్సీ ఎస్టీ కాలనీలకి, మురికివాడలకి విడిగా తియ్యాల్సిన వాటా, ఇవన్నీ పోగా మిగిలిందే కొత్త పనులకి. పాత బిల్లులు పేరుకుపోయిన ఊళ్ళో ఎంత మంచి లిస్టు రాసినా ఉపయోగం లేదు, టెండరు పిలిస్తే ఒక్కడూ వెయ్యడు, వేసినవాడు ఆ ఆలస్యం కూడా లెక్కేసుకుని రేటు వేస్తాడు.

రెండోది ఏ డబ్బు దేనికి. జనం అడుగుతారు, బ్యాంకులో ఇంత డబ్బుంటే మా రోడ్డెయ్యరేటండీ అని. ఉంది గానీ దానికి ముడి వేసి ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు మనలాంటి పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళకి ఇచ్చిన గ్రాంటులో 40 శాతమే విడి డబ్బు, అంటే ముడి లేనిది, 30 శాతం తాగునీటికి, వాన నీటి సంరక్షణకి, 30 శాతం పారిశుధ్యానికి, చెత్తకి. ఆ 60 తీసుకెళ్ళి సీసీ రోడ్డు వెయ్యడం కుదరదు. అందుకే లిస్టులో ప్రతి పని పక్కనా ఇది ఏ ముడిలో పడుతుందో రాసుకోవాలి, అది రాస్తే ఎన్నో నంబరులో ఉన్న నీళ్ళ పని ఒక్కసారిగా ముందుకొచ్చేస్తుంది, ఎందుకంటే దాని డబ్బు వేరే సంచిలో ఉంది. 2021లో కేంద్రం మొదలుపెట్టిన ఊళ్ళ నీళ్ళ పథకం అమృత్ 2.0లో అయితే లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న ఊళ్ళకి కేంద్రం మూడో వంతు ఇస్తామంది, అదీ 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో, మిగతాది రాష్ట్రమూ ఊరూ కలిసి చూసుకోవాలి. పథకం వచ్చింది కదా ఫ్రీ అనుకుని మన వాటా ఎక్కడినుంచి వస్తుందో రాసుకోకపోతే సగం పైపులు రోడ్డు పక్కన పడి ఉంటాయి, పిల్లలు వాటి మీద ఆడుకుంటారు. ఎంపీ గారి నిధి ఏడాదికి 5 కోట్లు, కానీ అది నియోజకవర్గం మొత్తానికి, దాన్ని నమ్ముకుని పైపులైను రాయొద్దు, ఒక కమ్యూనిటీ హాలో ఒక బస్ షెల్టరో అడగండి.

సొంత ఆదాయం అంటే ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, నీటి చార్జీలు, ప్లాను ఫీజులు, షాపుల అద్దెలు. విడి డబ్బంటే అసలు ఇదే, మన చేతిలో ఉన్నదీ ఇదే, వసూళ్ళు ఎంత శాతమో చూడకుండా అయిదేళ్ళ ప్లాను రాసేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం.

ఇప్పుడు మార్కులు. వందకి వెయ్యండి. ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ఉంటే 30 దాకా, ఆలస్యం చేస్తే ఖర్చు పెరిగేదైతే 20, ఎంతమందికి ఉపయోగం, అందులో పేదపేట ఎంత అన్నదానికి 20, ఇంకో పనికి ఇది ముందు జరగాలి అంటే 15, కట్టేక నడపడానికి భారం కాకపోతే 15. ఈ అంకెలు నావి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి, కాకపోతే పనులు చూడకముందే మార్చుకోండి, చూసేక మారిస్తే అది మీకు కావలసిన పని కోసం తూకం రాయి మార్చినట్టే.

ఒక ఉదాహరణ, అంకెలు ఊరికే అనుకున్నవి. ఏ ముడీ లేని కోటి రూపాయలుంది. పంపుహౌసులో 19 ఏళ్ళ మోటారు మార్చడం 22 లక్షలు, 82 మార్కులు. గెడ్డలో కలిసే చోట కాలువ 45 లక్షలు, 78 మార్కులు. ఒక కాలనీకి సీసీ రోడ్డు 38 లక్షలు, 46 మార్కులు. పార్కుకి గోడా గేటూ 25 లక్షలు, 31 మార్కులు. మొదటి రెండూ 67 లక్షలు, మిగిలింది 33. రోడ్డు పట్టదు, పార్కు సరిగ్గా పడుతుంది, ఇక్కడే అందరూ జారిపోతారు, పడుతుంది కదా అని పార్కు శాంక్షన్ చేసేస్తారు. ఆగండి. ఆ కాలనీ రోడ్డు కింద పైపు ఎంత పాతది? ముప్పై ఏళ్ళది, మార్చడానికి 30 లక్షలవుతుంది అనుకుందాం. ఈ ఏడు పైపు మార్చండి, వానాకాలం దాటనివ్వండి, వచ్చే ఏడు రోడ్డు. మూడు లక్షలు చేతిలో ఉంచుకోండి, తవ్వేక ఏది బయటపడుతుందో తెలీదు. ఇంకా తెలివైన మనిషైతే మోటారునీ పైపునీ తాగునీటి గ్రాంటులో పెట్టి ఈ కోటిలో ఇంకో 52 లక్షలు మిగుల్చుకుంటాడు.

మార్కులే అంతా తేల్చేస్తాయని నేననను. మార్కులు వేస్తే గొడవ మొదలవుతుంది, ఆ గొడవే కావాలి, నా పనికి 46 ఎందుకు అని అడిగినవాడికి కాయితం చూపించగలరు. మార్కుల్లేకపోతే గొడవ ఉండదు, మేడ మీద గదిలో తేలిపోతుంది.

రాజకీయం గురించి రాయకపోతే ఇదంతా పుస్తకం చదువు అవుతుంది. విజయనగరంలో 50 డివిజన్లు. డివిజనుకి పది లక్షలు పంచేద్దాం అంటే అందరికీ సంతోషం, అయిదు కోట్లు ఖర్చవుతుంది, ఏడాది చివర చూస్తే యాభై చోట్ల చిన్న చిన్న సీసీ ముక్కలు, నాలుగు కల్వర్టులు, కాలువ కలిసే చోట మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఎందుకంటే ఆ చోటు ఏ ఒక్క డివిజనుదీ కాదు. అలాగని పంపకం అసలొద్దు అన్నా నడవదు, కార్పొరేటరుకి రోజూ వీధిలో తిరగాలి, జనానికి మొహం చూపించాలి. నేను చూసినంతలో నడిచే ఒప్పందం ఏంటంటే విడి డబ్బులో ఓ మూడో వంతు డివిజన్లకి చిన్న పనులకి వదిలెయ్యడం, మిగతా రెండు వంతులూ ఊరు మొత్తం లిస్టు ప్రకారం, అందులో ఎవరూ వేలు పెట్టకూడదు. మొదటి ఏడు అందరూ సణుగుతారు, రెండో ఏడు అలవాటైపోతుంది. శ్రీకాకుళం సంగతి వేరు, 2021 మార్చిలో ఇక్కడ ఎన్నికలు జరిగేయి గానీ అక్కడ జరగలేదు, పాలకవర్గం లేని ఊళ్ళో సంతకం తొందరగా పడుతుంది, కానీ మా వీధి చూడండి అని గట్టిగా అరిచే మనిషి ఉండడు, కాబట్టి మా మేనల్లుడి లాంటివాడు రాసే లిస్టే ఆ పేటకి నోరు. వాడికి అదే చెప్పేను, తేలిగ్గా తీసుకోకురా అని.

కాయితాల దారి అందరికీ తెలిసిందే, ఎస్టిమేటు, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, అప్పుడు గునపం. దీనికి నాలుగైదు నెలలు పడుతుంది ఎంత పరిగెత్తినా. మార్చిలో బడ్జెట్టు పాసై, ఏప్రిల్లో ఎస్టిమేట్లు మొదలెడితే అగ్రిమెంటు అయ్యేసరికి ఆగస్టు, వాన. తర్వాత అక్టోబరు నవంబరు తుపాన్లు, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే కదా. మన జిల్లాల్లో తవ్వకం పనికి నిజంగా దొరికేది డిసెంబరు నుంచి మే దాకా. కాబట్టి తిరగేసుకోండి, వానాకాలంలో ఆఫీసులో కూర్చుని ఎస్టిమేట్లు రాసుకోవడం, అక్టోబరుకి టెండరు, నవంబరుకి అగ్రిమెంటు, డిసెంబరు ఒకటికి పని. మధ్యలో పండగలు చూసుకోవాలి. విజయనగరంలో దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ, మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసకేస్తే రాలని జనం, ఆ దారిలో సెప్టెంబరు నుంచీ ఒక్క గొయ్యి ఉండకూడదు. శ్రీకాకుళంలో అరసవల్లి దారైతే రథసప్తమి జనవరి ఆఖరికో ఫిబ్రవరికో వస్తుంది, సరిగ్గా పని సీజను మధ్యలో, అందుకని అక్కడ రథసప్తమి అయ్యేక మొదలుపెట్టడం మంచిది.

ఇంకో రెండు చిక్కులు త్వరగా చెప్పేస్తాను. స్థలం చేతికి రాకుండా ట్యాంకు రాయొద్దు, కోర్టులో ఉన్న స్థలం అయితే అసలే వద్దు. రైల్వే లైను కింద నుంచో, ఆర్ అండ్ బీ రోడ్డు అడ్డంగానో పైపు పోవాలంటే ఆ అనుమతి పనికంటే పెద్ద పని, రైల్వేకి డబ్బు కట్టాలి, నెలలు తిరగాలి, ఆ పనిని రెండో ఏడులో పెట్టి దరఖాస్తు మాత్రం ఇవాళే పెట్టండి.

రేట్లు ఏటేటా మారతాయి కాబట్టి నాలుగో ఏడు, అయిదో ఏడు పనులకి పక్కా ఎస్టిమేటు వెయ్యడం దండగ. ఈమధ్య చేసిన అలాంటి పనికి మీటరుకి ఎంతైందో చూసి పొడవుతో గుణించి రాసెయ్యండి. మొదటి ఏడు పనులకి మాత్రం కొలతలతో సహా ఉండాలి.

నడిపే ఖర్చు. 30 హెచ్‌పీ మోటారు రోజుకి పది గంటలు తిరిగితే సుమారు 224 యూనిట్లు, నెలకి 6,700, మీ రేటుతో గుణించుకోండి, అది ప్రతి నెలా, మోటారు ఉన్నన్నాళ్ళూ. ఒక పార్కులో ఫౌంటెన్ పెట్టేం ఒకప్పుడు, ప్రారంభం రోజు రంగురంగుల లైట్లు, ఆర్నెల్లకి కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలక ఆపేసేరు, దోమలు పెంచుకున్నాం. ఇప్పుడు ఎవరైనా ఎస్టిమేటు పట్టుకొస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, దీన్ని రేపట్నుంచి ఎవడు తుడుస్తాడు, వాడి జీతం ఏ పద్దులోంచి. సమాధానం లేకపోతే మార్కుల్లో ఆ 15కి సున్నా.

ఇదంతా అయ్యేక మీ దగ్గర రెండు లిస్టులుంటాయి, చేసేవి, చెయ్యనివి. చెయ్యని వాటి లిస్టే పదిలంగా దాచుకోండి, నేను దాన్ని వాయిదా పుస్తకం అనేవాణ్ణి, మామూలు రూళ్ళ నోట్‌బుక్కు. పని పేరు, అడిగింది ఎవరు, మార్కు, ఎందుకు ఆగింది. ఏటా సెప్టెంబర్లో ఆ పుస్తకం తెరిచి కారణం ఇంకా ఉందా చూడాలి, కారణం పోయిన పని ముందుకి రావాలి, మూడేళ్ళుగా ఒకటే కారణంతో పడి ఉన్నదాన్ని ఇది మన వల్ల కాదు అని రాసి పైకి పంపాలి. రెండు లిస్టులూ సచివాలయం గోడకి అంటించండి. సమాచార హక్కు చట్టం 2005లో నాలుగో సెక్షన్ ఎలాగూ అడగకముందే చెప్పమంటోంది, అడిగేక చెప్తే దాంట్లో గొప్పేముంది.

మా వాడు శుక్రవారానికి ఇవ్వలేకపోయేడు, తిట్లు తిన్నాడు, పది రోజులు అడిగేడు. పొద్దున్నే నడిచి మొత్తం 23 పనులు రాసేడు. అందులో మొదటిది చూసి నేనే కొట్టించీసేను, కల్వర్టు మూతికి కొబ్బరి బోండాలు, ప్లాస్టిక్కు అడ్డం పడ్డాయి, దానికి ప్లాను ఎందుకురా, శానిటరీ ఇన్‌స్పెక్టరుకి చెప్పు అన్నాను. రోడ్డు అడిగిన ఒక సందుని వాయిదాలో పెట్టేడు, పైపు పాతది అని కారణం రాసి, ఆ కాయితం పట్టుకుని సందులోకి వెళ్ళి చదివి వినిపించేడట. అరుగు మీదున్న ఒకావిడ అంతా విని, "సర్లే బాబూ, ముందు పైపే ఏయండి, గానీ పైపెప్పుడేస్తారో ఆ తారీకు కూడా అందులో రాయి, మళ్ళీ వచ్చి అడగడానికి మాకుండాలి కదా" అందట.

నా వాయిదా పుస్తకంలో ఆ గడి లేదు. మీరు పుస్తకం మొదలుపెట్టినప్పుడు కారణం పక్కనే ఇంకో గీత గీసి, మళ్ళీ చూసే తారీకు అని రాసుకోండి.